మాటకు రెండు తూకాలా?



తార్నాకలో గదులు అద్దెకు తీసుకుని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న మన పిల్లలు, ముషీరాబాద్ గల్లీల నుండి రోజూ క్యాంపస్‌కు వెళ్ళి వచ్చే మన బిడ్డలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మౌలానా సాబ్! ప్రజాస్వామ్యంలో భావప్రకటనా స్వేచ్ఛ ఉందని మాకు పాఠం చెబుతారు. మరి ఆ స్వేచ్ఛ మన దైవప్రవక్త (స)ను కించపరిచేవాడికే ఎందుకు గుర్తొస్తుంది? మేము మా బాధ చెప్పుకుంటే మాత్రం నోరు మూసుకోమని ఎందుకంటారు?"

ఇదే ప్రశ్న ఇంట్లో అడిగితే అబ్బాజాన్ నుండి మరో జవాబు వస్తుంది. "బేటా! నీ చదువేదో నువ్వు చూసుకో. ఎవరి గురించీ ఏమీ రాయకు, ఏమీ అనకు. మన క్షేమం మౌనంలోనే ఉంది."

పిల్లల కోపంలోనూ, పెద్దల భయంలోనూ నిజం ఉంది. రెండూ అనుభవం నుండి పుట్టినవే. అయితే ఈ రెంటిలోనూ ఒక ప్రశ్న అడగకుండా మిగిలిపోతోంది. మనకు ఇతరులు ఎంత స్వేచ్ఛ ఇస్తున్నారో మనం లెక్క వేస్తున్నాం. మరి మనకు నచ్చని మాట అనేవాడికి మనం ఎంత ఇస్తున్నాం? ఈ వ్యాసంలో ఆ లెక్కను కూడా చూద్దాం.

కొలిచే చేయి

దివ్యఖుర్ఆన్‌లో 83వ సూరా పేరు అల్ ముతఫ్ఫిఫీన్. తమకు రావలసినది తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించి కొలిచేవారికి ఆ సూరా ఆరంభంలోనే వినాశం గురించిన హెచ్చరిక ఉంది. అరబీలో 'తఫీఫ్' అంటే స్వల్పమైనది అని అర్థం. తూకంలో మోసం చేసేవాడు ఒకేసారి బస్తా ఎత్తుకుపోడు. చిటికెడు, చిటికెడుగా తగ్గిస్తాడు. అందుకే అతనికి తాను దొంగననే స్పృహ కూడా ఉండదు.

ఈ హెచ్చరిక కిరాణా కొట్టు తరాజుకే పరిమితం కాదని మన వ్యాఖ్యాతలు వివరించారు. హక్కు ఎక్కడ ఉంటుందో అక్కడ తూకం ఉంటుంది. సాక్ష్యం మన తల్లిదండ్రులకు వ్యతిరేకమైనా న్యాయంపైనే నిలబడాలని అన్నిసా సూరా (4:135) ఆదేశిస్తోంది. ఒక జాతిపై ఉన్న ద్వేషం మిమ్మల్ని అన్యాయం వైపుకు నెట్టకూడదని అల్ మాయిదా సూరా (5:8) హెచ్చరిస్తోంది. మాట్లాడే హక్కు కూడా ఒక హక్కే. కనుక దాని తూకం కూడా మనల్ని అడగబడుతుంది.

ప్రజలు గీసే గీతలు

ఈ రెండు తూకాల జబ్బు ఒక్క సముదాయానిది కాదు. అమెరికాకు చెందిన ప్యూ రిసెర్చ్ సెంటర్ 2015లో 38 దేశాల ప్రజలను ప్రశ్నించింది. ప్రభుత్వ విధానాలను బహిరంగంగా విమర్శించే హక్కు ఉండాలని మధ్యస్థ లెక్క ప్రకారం నూటికి 80 మంది చెప్పారు. ఇతరుల మతాన్ని నొప్పించే మాటలు అనే హక్కు కూడా ఉండాలా అని అడిగితే 35 మందే ఉండాలన్నారు. అంటే స్వేచ్ఛ అనే పేరు అందరికీ ఇష్టమే. ఆ స్వేచ్ఛతో ఎవరేమి మాట్లాడతారన్న చోటే చేతులు వెనక్కి పోతున్నాయి.

ప్రజాస్వామ్య దేశాల మధ్య కూడా ఏకాభిప్రాయం లేదు. అల్పసంఖ్యాక వర్గాలను కించపరిచే మాటలను ప్రభుత్వం ఆపగలగాలని జర్మనీలో నూటికి 70 మంది అంటే, అమెరికాలో 28 మందే అన్నారు. దీనికి కారణం చరిత్రే. మాటలతో మొదలైన ద్వేషం యూదుల సంహారం దాకా వెళ్ళడం జర్మనీ కళ్ళారా చూసింది. ఆ మారణహోమం జరగనే లేదని చెప్పడం అక్కడ నేరం. ఫ్రాన్సులో కూడా 1990 నుండి అది నేరమే. ఎవరికి ఎక్కడ దెబ్బ తగిలిందో అక్కడ వారు గీత గీసుకున్నారు.

డెన్మార్క్ ఉదాహరణ మనకు బాగా తెలిసినదే. 2005లో అక్కడి ఒక పత్రిక దైవప్రవక్త (స)పై వ్యంగ్యచిత్రాలు ప్రచురించినప్పుడు పత్రికల విషయంలో తాము జోక్యం చేసుకోలేమని ఆ ప్రభుత్వం చెప్పింది. 2017లో దైవదూషణ చట్టాన్ని కూడా రద్దు చేసుకుంది. ఖుర్ఆన్ ప్రతులను తగలబెట్టే సంఘటనల తర్వాత అదే దేశపు పార్లమెంటు 2023 డిసెంబరులో, మతగ్రంథాలను బహిరంగంగా అవమానించడాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. ప్రజాస్వామ్యంలో ఈ గీత రాతిపై చెక్కినది కాదు. వాదనతో, ఓటుతో, కోర్టు తీర్పుతో అటూ ఇటూ జరుగుతూ ఉంటుంది. కనుక తన వాదన వినిపించేవాడికి అక్కడ చోటు ఉంటుంది.

మన రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణ పౌరులందరికీ వాక్ స్వాతంత్ర్యాన్ని ఇచ్చింది. దేశభద్రత, ప్రజాశాంతి, నైతికత, పరువునష్టం, నేరానికి ప్రేరేపించడం వంటి కారణాలతో దానిపై సహేతుకమైన పరిమితులు విధించవచ్చని 19(2) చెబుతోంది. వీటిలో కొన్ని 1951లో మొదటి సవరణ ద్వారా చేరినవి. అంటే రాజ్యాంగం అమలులోకి వచ్చిన ఏడాదిన్నర లోపే గీత మొదటిసారి జరిగింది.

నరికిన చేయి

ఇక మన హైదరాబాద్ చరిత్రలోకి వద్దాం. షోయబుల్లా ఖాన్ పేరు మన ఇళ్ళలో ఎంతమంది పిల్లలకు తెలుసు? 1920లో పుట్టిన ఈ యువకుడు ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుడు. ఉర్దూ పాత్రికేయుడు. ఆయన పనిచేసిన 'తేజ్' పత్రికను నిజాం ప్రభుత్వం నిషేధించింది. తర్వాత మందుముల నర్సింగరావు గారి 'రయ్యత్'లో చేరితే దానికీ అదే గతి పట్టింది. అప్పుడు 1947 నవంబరులో బూర్గుల రామకృష్ణారావు గారి వంటి వారి సహాయంతో 'ఇమ్రోజ్' అనే సొంత పత్రిక ప్రారంభించారు. ఇమ్రోజ్ అంటే 'ఈ రోజు' అని అర్థం.

హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో చేరాలని, రజాకార్ల దౌర్జన్యాలు ఆగాలని ఆయన రాశారు. మంజూర్ యార్ జంగ్, ఫరీద్ మీర్జా మొదలైన ఏడుగురు ముస్లిం ప్రముఖులు 1948 ఆగస్టులో ఇదే అభిప్రాయంతో ఒక ప్రకటన ఇస్తే దానిని ధైర్యంగా అచ్చువేశారు. రాసే చేతులు నరకాలన్న బెదిరింపులు సభల్లో వినిపిస్తున్న రోజులవి. 1948 ఆగస్టు 21 రాత్రి కార్యాలయం నుండి ఇంటికి నడిచి వస్తుండగా రజాకార్లు ఆయనపై దాడి చేశారు. కాల్చారు, చేయి నరికారు. తోడుగా ఉన్న బావమరిది కూడా చేయి పోగొట్టుకున్నారు. తెల్లవారేలోగా షోయబుల్లా ఖాన్ కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 28 ఏళ్ళు కూడా నిండలేదు.

సోదరులారా! ఆయన రాజకీయ అభిప్రాయం ఆ రోజుల్లో చాలామంది ముస్లింలకు చేదుగా ఉండి ఉండవచ్చు. కాని కలిమా చదివిన ఒక మనిషి ప్రాణం తీసినవారు కూడా కలిమా చదివినవారే. అదీ సముదాయాన్ని రక్షించడం పేరిట! నెల తిరగక ముందే, సెప్టెంబరు 17న సంస్థానం లొంగిపోయింది. ఏ ప్రమాదం గురించి ఆయన హెచ్చరించారో, ఆ ప్రమాదం వాకిట్లోకి వచ్చింది. హెచ్చరించే గొంతు నులిమిన సముదాయం తన కావలివాడిని తానే పోగొట్టుకుంది.

బీరువాలో పెట్టిన నిజం

అదే ఏడాది తూకం రెండో వైపుకు వంగింది. పోలీసు చర్య సమయంలోనూ, ఆ తర్వాతా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింలపై ఘోరమైన హింస జరిగింది. భారత ప్రభుత్వం పంపగా పండిత్ సుందర్‌లాల్, 'పయామ్' ఉర్దూ పత్రిక సంపాదకుడిగా పేరుపొందిన ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ 1948 చివరలో జిల్లాల్లో పర్యటించారు. కనీసం 27,000 నుండి 40,000 మంది వరకు చనిపోయి ఉంటారని వారి నివేదిక అంచనా వేసింది. రజాకార్ల దురాగతాలనూ అందులో దాచలేదు. తమ ప్రాణాలకు తెగించి ముస్లిం ఇరుగుపొరుగును కాపాడిన హిందువుల గురించి కూడా రాశారు.

ఆ నివేదికను స్వతంత్ర భారత ప్రభుత్వం ప్రచురించలేదు. కొన్ని భాగాలు పరిశోధకుల చేతుల మీదుగా బయటికి వచ్చినా, ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో పాఠకులు దానిని చూడగలిగింది 2013లోనే. అంటే 60 ఏళ్ళు దాటిన తర్వాత. అప్పటికి ఎందరు వితంతువులు, ఎందరు అనాథలు తమ గోడు లోకానికి వినిపించకుండానే సమాధుల్లోకి వెళ్ళిపోయారో అల్లాహ్‌కే తెలుసు.

మన పెద్దలు "మౌనమే క్షేమం" అనడానికి మూలం ఇక్కడ ఉంది. చెప్పుకోనివ్వని దుఃఖం మూడు తరాల భయంగా మారింది. కాబట్టి సెన్సారు అంటే సినిమాలో కత్తిరించిన దృశ్యం మాత్రమే కాదని మనకు ఇతరులకంటే బాగా తెలియాలి. నిజాన్ని బీరువాలో పెట్టి తాళం వేయడం కూడా సెన్సారే.

ఇప్పుడు రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. సుందర్‌లాల్ నివేదికను దాచారని బాధపడేవాడు షోయబుల్లా ఖాన్ పేరెత్తితే ముఖం తిప్పుకుంటే అది తగ్గించిన తూకం. ఏటా షోయబుల్లా ఖాన్‌ను తలచుకునేవాడు ఆ నివేదిక మాటెత్తితే విసుక్కుంటే అదీ తగ్గించిన తూకమే.

ముషీరాబాద్ జైలు

ఈనాడు ముషీరాబాద్‌లో గాంధీ ఆస్పత్రి ఉన్న చోట ఒకప్పుడు జైలు ఉండేది. 2003లో ఆస్పత్రి అక్కడికి తరలివచ్చింది. 1975 జూన్ నుండి 1977 మార్చి వరకు నడిచిన అత్యవసర పరిస్థితిలో రాజకీయ ఖైదీలెందరో ఆ జైల్లో ఉన్నారు. ఆ రోజుల్లో పత్రికలు అచ్చుకు ముందే అధికారుల అనుమతి పొందాల్సి వచ్చింది. 1975 జూలైలో ఆర్.ఎస్.ఎస్.ను, జమాఅతె ఇస్లామీ హింద్‌ను, ఆనంద్ మార్గ్‌ను, నక్సలైట్ వర్గాలను కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. ఒకరి ముఖం ఒకరు చూడని సంస్థలన్నీ ఒకే దెబ్బకు మూతపడ్డాయి. తన ప్రత్యర్థి నోరు మూసినప్పుడు సంతోషించినవాడు, అదే తాళం తన తలుపుకూ సరిపోతుందని తెలుసుకున్నాడు.

విప్లవ రచయితల సంగతి కూడా చెప్పుకోవాలి. 1974లో సికింద్రాబాద్ కుట్ర కేసు పేరిట కొందరు రచయితలను, వారి రచనలే ఆధారంగా, నిందితులుగా చేర్చారు. హైదరాబాద్ పాత్రికేయుడు ఎం.టి. ఖాన్ వారిలో ఒకరు. చివరికి 1989లో న్యాయస్థానం కేసు కొట్టివేసింది. దైవాన్ని నిరాకరించే వారి సిద్ధాంతంతో మనకు పొత్తు లేదు. కాని 15 ఏళ్ళు కోర్టుల చుట్టూ తిప్పి నిర్దోషులని చెప్పడం న్యాయమేనా అని అడగడానికి వారి సిద్ధాంతంతో ఏకీభవించనవసరం లేదు.

పాలకుడు ముస్లిమైనంత మాత్రాన ఈ జబ్బు రాదని కూడా అనుకోవద్దు. మదరసాలో చదివిన ప్రతివాడికీ ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మలై) చరిత్ర తెలుసు. ఖుర్ఆన్ సృష్టించబడిందని అందరూ ఒప్పుకోవాలని 833లో అబ్బాసీ ఖలీఫా మామూన్ పండితులను బలవంతపెట్టాడు. ఒప్పుకోని ఇమామ్ గారు తర్వాతి ఖలీఫా ముఅతసిమ్ కాలంలో కొరడా దెబ్బలు తిన్నారు. ఈనాడు ఆ ఖలీఫాల ఫర్మానాను ఎవరూ ఆచరించడం లేదు. ఇమామ్ గారి పేరుతో ఒక మజ్‌హబ్ నిలిచింది.

ప్రెస్ క్లబ్బులో జరిగింది

2007 ఆగస్టు 9న హైదరాబాద్ ప్రెస్ క్లబ్బులో బంగ్లాదేశ్ రచయిత్రి తస్లీమా నస్రీన్ నవల 'శోధ్' తెలుగు అనువాదం విడుదలైంది. మజ్లిస్ పార్టీ శాసనసభ్యులు, వారి అనుచరులు అక్కడికి చొచ్చుకుపోయి చేతికి దొరికిన వస్తువులు ఆమెపై విసిరారు. అక్కడున్నవారు అడ్డు నిలిచి ఆమెను కాపాడారు. ఇస్లాం గురించి ఆమె రాతలు మనకు బాధ కలిగించాయి. ఆ బాధ నిజమైనది. కాని ఆ రోజు దేశమంతా చూసింది మన బాధను కాదు. ఒక స్త్రీపై దాడి చేస్తున్న మగవారిని చూసింది. ఆ నవలలో ఏముందో, దానికి మన జవాబేమిటో ఎవరూ అడగలేదు. జవాబు చెప్పగలిగిన పండితుడి మాటకు ఆ గందరగోళంలో చోటే లేకుండా పోయింది.

ఇలాంటి సందర్భంలో ఏమి చేయాలో అల్లాహ్ మనకు ముందే నేర్పాడు. దైవవాక్యాలను ఎగతాళి చేయడం వింటే, వారు మరో ప్రసంగంలోకి వెళ్ళేవరకు వారితో కూర్చోవద్దని అన్నిసా సూరా (4:140) చెబుతోంది. గమనించండి! లేచి రమ్మన్నాడు. వారు మాట మారిస్తే తిరిగి కూర్చోవడానికి దారి కూడా తెరిచి ఉంచాడు. వాదించవలసి వస్తే అత్యుత్తమమైన రీతిలో వాదించమని అన్నహ్ల్ సూరా (16:125) బోధించింది.

సహీహ్ బుఖారీలో హజ్రత్ అబూహురైరా (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన ఉంది. ఒక వ్యక్తి తనకు రావలసిన బాకీ కోసం దైవప్రవక్త (స) వద్దకు వచ్చి దురుసుగా మాట్లాడాడు. సహాబాలు అతని మీదికి వెళ్ళబోయారు. ఆయన (స) వారిని వారించి, హక్కు గలవాడికి మాట్లాడే హక్కు ఉంటుందని చెప్పారు. అతనికి రావలసిన దానికంటే మంచి ఒంటెను ఇప్పించారు. ఎదుట నిలిచినది అల్లాహ్ ప్రవక్త (స)! మాట కరుకుగా ఉంది. అయినా ఆ కరుకుదనం వెనుక ఉన్న హక్కును ఆయన (స) చూశారు. మనం ఆయన (స) గౌరవం కోసం నిలబడతామంటున్నప్పుడు ఆయన నడవడినే వదిలేస్తే ఎలా?

గీత ఎక్కడ?

"అయితే ఎవరేమన్నా పడి ఉండాలా?" అని యువకులు అడగవచ్చు. కాదు. హద్దులు ఉన్నాయి. పతివ్రతలైన స్త్రీలపై నింద మోపి నలుగురు సాక్షులను తేలేనివాడికి ఖుర్ఆన్ శిక్ష విధించింది (24:4). మాట ప్రాణాలు తీయగలదని, పరువు తీయగలదని ఇస్లాంకు తెలుసు.

మన దేశ చట్టం కూడా గీత గీసింది. సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ సెక్షన్ కింద, ఫేస్‌బుక్‌లో ఒక వ్యాఖ్య రాసినందుకు, దానిని మెచ్చినందుకు 2012లో మహారాష్ట్రలో ఇద్దరు యువతులను అరెస్టు చేశారు. 2013లో మన హైదరాబాద్‌కు చెందిన ఒక న్యాయవాదిని కూడా ఫేస్‌బుక్ వ్యాఖ్యకే అరెస్టు చేశారు. శ్రేయా సింఘాల్ అనే విద్యార్థిని వేసిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు 2015 మార్చి 24న ఆ సెక్షన్‌ను కొట్టివేసింది. ఆ తీర్పు మూడు మెట్లు చూపింది: ఒక విషయాన్ని చర్చించడం, దానిని సమర్థించడం, హింసకో నేరానికో రెచ్చగొట్టడం. మొదటి రెండూ ఎంత చేదుగా ఉన్నా స్వేచ్ఛే. మూడో మెట్టు దగ్గరే ప్రభుత్వం చేయి వేయవచ్చు.

మతభావాలను గాయపరిచే మాటలకు 1927 నుండి 295ఎ సెక్షన్ ఉండేది. దైవప్రవక్త (స)ను అవమానిస్తూ లాహోరులో ప్రచురించిన ఒక పుస్తకంపై చెలరేగిన అలజడి తర్వాత వచ్చిన చట్టమది. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహితలో అది 299వ సెక్షన్‌గా ఉంది. బుద్ధిపూర్వకంగా, దురుద్దేశంతో చేసిన అవమానానికే ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1957లోనే స్పష్టం చేసింది. కనుక నిజమైన దూషణ జరిగితే ఫిర్యాదు చేయడం మన హక్కు. కాని ఒక విషయం మరవకండి. ఈ సెక్షన్ అన్ని మతాలవారి చేతుల్లోనూ ఉంది. మనం చీటికిమాటికి దానిని వాడితే, రేపు మన ఖతీబ్ గారి ప్రసంగంపైనా, మన పిల్లవాడి పోస్టుపైనా అదే వాడబడుతుంది.

మన ఇంటి నుండే

ఇప్పుడు మన ఇళ్ళకు వద్దాం. ఫోనులో వచ్చిన ప్రతి వార్తనూ ముందుకు పంపే ముందు నిర్ధారించుకోండి. అల్ హుజురాత్ సూరా (49:6) ఆదేశం ఇదే. అదే సూరా (49:11) ఎగతాళిని, మారుపేర్లతో పిలవడాన్ని నిషేధించింది. ఇతరులు పూజించేవాటిని దూషించవద్దని అల్ అన్ఆమ్ సూరా (6:108) ఆజ్ఞాపించింది. దానికి కారణం కూడా చెప్పింది. వారు అజ్ఞానంతో అల్లాహ్‌ను దూషిస్తారు. పొరుగువాడి దేవుళ్ళపై జోకులు పంపి నవ్వుకునే నోటితో, మన ప్రవక్త (స)ను గౌరవించమని అడగడానికి మనకు ఏ ముఖం ఉంటుంది?

క్యాంపస్‌లో చదివే పిల్లలకు ఒక మాట. 2025 మార్చిలో ఉస్మానియా విశ్వవిద్యాలయం విభాగాల్లోనూ, కార్యాలయాల్లోనూ ధర్నాలు, నినాదాలు చేయరాదని సర్క్యులర్ ఇచ్చింది. విద్యార్థి సంఘాలు దానిని వ్యతిరేకించాయి. తెలంగాణ ఉద్యమానికి కేంద్రమైన ఆ క్యాంపస్‌లో నినాదం విలువ ఏమిటో అందరికీ తెలుసు. ఇటువంటి ఆంక్షను మీరు ప్రశ్నించండి. కాని ఒక షరతు. రేపు మీకు గిట్టని సంఘంవారి సభను ఆపినప్పుడు కూడా అదే గొంతుతో ప్రశ్నించగలగాలి. వారి మాటలతో ఏకీభవించమని కాదు. వారు హింసకు పిలుపు ఇవ్వనంతవరకు మాట్లాడనివ్వమని, ఆ తర్వాత లేచి జవాబు చెప్పమని.

తల్లిదండ్రులకు కూడా ఒక విన్నపం. పిల్లలను భయంతో మౌనంగా పెంచకండి. దౌర్జన్యపరుడైన పాలకుని ఎదుట సత్యం పలకడం ఉత్తమమైన జిహాద్ అని దైవప్రవక్త (స) తెలిపినట్లు అబూదావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాల్లో ఉంది. సత్యం పలకడం అలవాటు కావాలంటే మొదట ఇంట్లో పలకనివ్వాలి. దస్తర్‌ఖాన్ దగ్గర కూతురు మీ మాటను కాదంటే కోపగించుకోకుండా కారణం అడగండి. కొడుకు మసీదు కమిటీ లెక్కలు అడిగితే బెదిరించకుండా లెక్కలు చూపండి. మన ఇంట్లో, మన మసీదులో ప్రశ్నకు చోటు లేకపోతే, పార్లమెంటులో చోటు అడిగే మన గొంతుకు బలం ఎక్కడి నుండి వస్తుంది?

పిల్లలు అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. అవును, లోకం మన విషయంలో చాలాసార్లు తూకం తగ్గించింది. దానిని చట్టబద్ధంగా, గట్టిగా అడగండి. 1948 బాధనూ చెప్పండి, షోయబుల్లా ఖాన్ పేరునూ చెప్పండి. లోకం తరాజు వంకరగా ఉందని మన తరాజును వంకర చేసుకునే అనుమతి మాత్రం విశ్వాసికి లేదు. ప్రళయదినాన తూకం వేసేవాడు మనల్ని అడిగేది మన చేతిలోని తరాజు గురించే.

అల్లాహ్ మనందరికీ సత్యం పలికే ధైర్యాన్ని, చేదు మాటను ఓర్చుకునే హృదయాన్ని, శత్రువు విషయంలోనూ న్యాయంగా తూచే చేతిని ప్రసాదించుగాక! ఆమీన్.